బండికి చలవ

మహమూద్ మేస్త్రీకి కోపం వస్తే చేతిలో ఏముందో చూసుకోడు. పానా ఉంటే పానా, సుత్తి ఉంటే సుత్తి. గురజాల స్టేషను రోడ్డులో ఆయన షెడ్డు ముందు బండి ఆపినవాళ్ళు ముందు మేస్త్రీ మొహం చూసి, ఇవాళ మాట్లాడొచ్చో లేదో తేల్చుకుని, ఆ తర్వాతే బండి జబ్బు చెప్పేవాళ్ళు. మాడిపోయిన నూనె మీదే ఇంజను తిప్పుకుంటూ వచ్చినవాణ్ణి చూస్తే ఆయనకు మరీ ఒళ్ళు మండేది. "ఏడాది పొడుగునా ఉతక్కుండా ఒకటే పంచ కడతావంట్రా నువ్వు?" అని చెంప పగలగొట్టిన రోజులున్నాయి. అయినా గురజాలకీ నరసరావుపేటకీ మధ్య అంత పనితనం ఉన్నవాడు ఇంకొకడు లేడు కాబట్టి, దెబ్బలు తిన్నవాళ్ళే చెంపలు తడుముకుంటూ మళ్ళీ వచ్చేవాళ్ళు.

యుద్ధం నడుస్తున్న రోజులు. పెట్రోలుకి చీటీలు, బస్సులకి బొగ్గు గ్యాసు. అలాంటప్పుడు ఒక చైత్రమాసం పొద్దున, ఆ షెడ్డు ముందుకి కొత్తగండ్ల నాగభూషణరావు కారు వచ్చి ఆగింది. వచ్చి ఆగిందనడం మర్యాదకి. ఎద్దుల్ని కట్టి ఈడ్చుకొచ్చారు. కారు వెనక నాగభూషణరావు నడిచి వస్తున్నాడు. రోడ్డు మీద జనం ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఎందుకంటే మహమూద్ తమ్ముడు ఫరీద్‌ని చంపింది ఆయనే.

అది ఎవరికీ తెలియని సంగతేం కాదు. ఫరీద్ ఆయన దగ్గర డ్రైవరు. ముందటేడు ఎండల్లో ఇంజను పట్టేసి కారు నడిబజార్లో ఆగిపోయింది. నూనె మార్చాలని ఫరీద్ ఎన్నోసార్లు మొత్తుకున్నాడు. యుద్ధం రోజుల్లో నూనె ఎవడిస్తాడు, ఉన్నదాంతోనే తోలు అన్నది దొరగారే. అయినా పదిమంది ముందు నామోషీ అయింది కదా, ఆ కసి తీరాలి. ఫరీద్‌ని తన ఇంటి గొడ్లసావిట్లో గుంజకి కట్టి, తనే కర్ర పట్టుకుని కొట్టాడు. కర్ర విరిగితే ఇంకో కర్ర తెప్పించాడు. ఫరీద్ మళ్ళీ లేవలేదు. కారు దొర్లి మీద పడి చచ్చాడని పోలీసులు రాసుకుపోయారు. చూసినవాళ్ళు ఉన్నారు, చెప్పేవాళ్ళు లేరు. మా పల్నాట్లో సాక్షులకు కళ్ళు బాగానే పనిచేస్తాయి, నోళ్ళే మొరాయిస్తాయి.

"మేస్త్రీ, బండి చూడాలి" అన్నాడు నాగభూషణరావు, నిన్న మొన్న మాట్లాడుకున్న మనిషితో అన్నట్టు.

మహమూద్ చేతిలో పానా ఉంది. అది పైకి లేచింది. దొర పక్కనున్న పాలేరు యల్లమంద అడ్డం వచ్చాడు. దెబ్బ అతని భుజం మీద పడింది. మహమూద్ ఆగలేదు. యల్లమందని పక్కకి తోసి, నాగభూషణరావు చొక్కా పట్టుకుని మొహాన్ని కారు తలుపుకేసి కొట్టాడు. ముక్కు పగిలి నెత్తురు తెల్లచొక్కా మీద బొటబొటా కారింది. రెండోసారి కొట్టబోతుంటే యల్లమంద ఆ దెబ్బతిన్న చేత్తోనే వెనకనించి వాటేసుకుని కింద పడేశాడు. మిగతా మనుషులు కర్రలు తీసుకుని మీదపడ్డారు. పక్కటెముకల మీద, పిక్కల మీద, ఎక్కడ అందితే అక్కడ బాదారు.

"చాల్లే, ఆపండ్రా" అన్నాడు నాగభూషణరావు. కండువాతో ముక్కు అదిమి పట్టుకుని మహమూద్ పక్కన గొంతుకూర్చున్నాడు. "కొట్టావుగా. ఇప్పుడిను. ఎల్లుండి నరసరావుపేట కోర్టులో వాయిదా. నేను పోకపోతే ఏటిగట్టు పొలమంతా నామీద దావా ఏసిన నరసింహారావుదైపోద్ది. దారిపొడుగునా వాడి మనుషులు కాచుకునున్నారు. రైలెక్కితే ఏదో ఒక స్టేషన్లో దించి నరుకుతారు. బండి పరిగెత్తినంతసేపే నా పానం. ఆగిందంటే అయిపోయినట్టే."

"నువ్వు పోతే నాకేంది?"

"నువ్వు తప్ప దీన్ని లేపేవోడు లేడు. కాదంటే ఈ షెడ్డు తగలబెట్టిస్తా. అప్పుడు లోపల నీ పెళ్ళాం ఉంటదో బయట ఉంటదో నేను చెప్పలేను."

మహమూద్ లేచి కూర్చున్నాడు. నోట్లో నెత్తురు ఉమ్మి నవ్వాడు. ఆ నవ్వు చూసి జనం ఒక అడుగు వెనక్కి వేశారు.

"చేస్తా. నీ బెదిరింపుకి కాదు. అందరూ ఇనండి" అని గొంతు పెంచాడు. "ఈయన నరసింహారావు మనుషుల చేతిలో చస్తే నా తమ్ముడికి న్యాయం జరిగినట్టా? ఈయన్ని చంపాల్సింది నేను. నా రోజు వచ్చినప్పుడు, ఎదురుగా నిలబడి చంపుతా. అందాకా ఈయన బండి ఆగదు. నేను ఆగనియ్యను." మళ్ళీ నాగభూషణరావు వైపు తిరిగాడు. "నేను పోసిన నూనె మీద ఎవడూ చెయ్యి పెట్టగూడదు. చుక్క తియ్యగూడదు, చుక్క కలపగూడదు."

"ఎవడు పెడతాడు? నేనే తోలుకుంటున్నా" అన్నాడు నాగభూషణరావు. నిజమే. ఫరీద్ పోయాక ఆ ఇంట్లో డ్రైవరు పనికి ఒక్కడూ రాలేదు. దొరగారే నేర్చుకుని తోలుకుంటున్నారు.

ఇంజను అడుగున ఉన్న నూనెతొట్టి విప్పితే నల్లటి తారు ముద్దలుగా జారిపడింది. బేరింగులు అరిగి వదులైపోయాయి. మహమూద్ వాటిని బిగించి, లోపలంతా కిరసనాయిలుతో కడిగి, అసలు చిక్కు దగ్గరికి వచ్చాడు. ఏ నూనె పొయ్యాలి? కొత్త బండికైతే పల్చటి నూనె చాలు. అరిగిన ఇంజన్లో పల్చటిది పోస్తే సందుల్లోంచి జారిపోతుంది, ఇనుమూ ఇనుమూ రాసుకుని ఎర్రగా కాలి అతుక్కుపోతాయి. చైత్రం ఎండకి నూనె ఇంకా పల్చబడుతుంది. కాబట్టి చిక్కటిది కావాలి, శుభ్రమైనది కావాలి. ఆ రెండూ ఆ రోజుల్లో బంగారం కన్నా అరుదు.

"మా ఇంట్లో ఆముదం కుండల్నిండా ఉంది. అది పోస్తే పోదూ?" అన్నాడు నాగభూషణరావు.

"ఆముదం మంచిదే. విమానాలకే పోస్తారంట. కానీ అది మిల్లులో తీసింది కావాల, ఒక్కటే పొయ్యాల, ఇంకో నూనె తగలగూడదు. మీ ఇంట్లోది గింజలు దంచి నీళ్ళల్లో ఉడకబెట్టి తీసింది. దాంట్లో తేమ ఉంటది, పిప్పి ఉంటది. మామూలు ఇంజన్నూనెలో అది కలిపావా, కాగేకొద్దీ జిగురై పంపు మూతికున్న జల్లెడకి అతుక్కుంటది. నూనె పైకెక్కదు. ఇంకంతే."

నాగభూషణరావు తలూపాడు. విన్నాడు, అర్థం చేసుకున్నాడు, ఇంటికెళ్ళి ఎవరికీ చెప్పలేదు. బండి సంగతులు ఆడవాళ్ళకి చెప్పే అలవాటు ఆ ఇంట్లో ఏ మగాడికీ లేదు.

ఆ మధ్యాహ్నం నరసింహారావు తాలూకు మనిషి ఒకడు షెడ్డులోకి వచ్చి ఒక డబ్బా దింపాడు. మిలిటరీ లారీల నూనె అన్నాడు. మహమూద్ మూత తీసి వేలు ముంచి, బొటనవేలితో రాసి చూశాడు. నీళ్ళలా జారింది. వాసన చూస్తే సగం కిరసనాయిలు.

"ఇది పొయ్యి చాలు, మేస్త్రీ. మిగతా సంగతి మేం చూసుకుంటాం. నీ తమ్ముడి ఉసురు తీరుద్ది" అన్నాడు వాడు.

మహమూద్ ఆ డబ్బా ఎత్తి వాడి నెత్తిన బోర్లించాడు. తర్వాత ఖాళీ డబ్బాతో వాడి మూతి మీద కొట్టాడు. పళ్ళు రాలాయి. వాడు గుడ్డివాడిలా తడుముకుంటూ రోడ్డు మీదకి పరిగెత్తుతుంటే, "నా తమ్ముడి పేరు నీ నోట్లో పెట్టుకున్నావంటే నాలిక కోస్తా" అని వెనకనించి అరిచాడు.

ఇదంతా గుమ్మంలోంచి చూస్తున్న ఆయన భార్య ఖాతూన్ బీ, "వాణ్ణి కొట్టి ఏం లాభం?" అంది. మరిదిని చిన్నప్పటినుంచి సాకింది ఆమే. "గుప్పెడు ఇసక పొయ్యి ఆ ఇంజన్లో. ఎవరికి తెలుస్తది? అల్లా నీ చేతికి ఇచ్చాడు ఆ దొరని."

"నాకు తెలుస్తది. ఫరీద్ మీద కారు పడిందని రాశారు చూడు, అట్టాంటి చావు వాడికి నేను ఇయ్యను. చంపింది ఫరీద్ వాళ్ళన్న అని వాడికి తెలియాల, ఊరికి తెలియాల."

"ఆ రోజు ఎప్పుడొస్తది?"

మహమూద్ పనిలోకి దిగాడు. నరసరావుపేట పత్తి జిన్నింగు మిల్లు ఇంజనుకి వాడే చిక్కటి నూనెని బొగ్గుబస్సు డ్రైవరుని బతిమాలి తెప్పించాడు. వేళ్ళ మధ్య సాగదీస్తే తీగలా సాగింది. అదీ నూనె అంటే. ఫిల్టరు డబ్బాలో గుడ్డ కుళ్ళి పీలికలై ఉంది, బజార్లో కొత్తది దొరికే మాటే లేదు. గొర్రెబొచ్చు గొంగడి కొత్తది ఒకటి కొని, ముక్కలు కత్తిరించి, పెట్రోలులో జాడించి ఆరబెట్టి, పొరలు పొరలుగా డబ్బాలో కూరాడు. ఇంజను తిప్పితే పిల్లి గుర్రుమన్నట్టు చిన్నగా మోగింది. తమ్ముణ్ణి చంపినవాడి బండికి ఇంత చేశానేందిరా అని ఆయనకే ఏడుపొచ్చింది. ఏడుపు రాగానే పానా తీసి గోడకేసి కొట్టాడు.

వాయిదా రోజు పొద్దున కొత్తగండ్లలో నాగభూషణరావు తల్లి వీరరాఘవమ్మ కారుకి పూజ చేసింది. పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆమెకి ఉన్నది ఒక్కడే కొడుకు. కొడుకు ఏం చేస్తాడో ఆమెకు తెలుసు. ఫరీద్ అరుస్తున్నప్పుడు ఆమె వంటింట్లో రెండు చెవులూ మూసుకుని కూర్చుంది. ఫరీద్‌కి అన్నం పెట్టిన చేతులవి. అయినా కన్నకొడుకు కన్నకొడుకే. వాడు ఎండలో బయలుదేరితే మాడు మీద ఇంత ఆముదం అద్దకుండా పంపేది కాదు. నలభై దాటినవాడు విదిలించుకున్నా వినేది కాదు.

ఆ పొద్దున కూడా మాడుకి అద్దింది. తర్వాత కారు ముందు రేకు మీద చెయ్యి పెట్టి చూసింది. అప్పుడే ఇంజను తిప్పి ఆపారు, చెయ్యి చుర్రుమంది. ఇంకా ఎండ ఎక్కకముందే ఇట్టా కాగిపోతుంటే, మిట్టమధ్యాన్నం దీని గతేం కావాలి? పోయినేడు బండి ఆగింది వేడెక్కే కదా, అంతపనీ జరిగింది అందుకే కదా? కొడుకు లోపల కోర్టు కాగితాలు సర్దుకుంటున్నాడు. నూనె ఎక్కడ పోస్తారో ఫరీద్ పొయ్యగా ఆమె చాలాసార్లు చూసింది. రేకు ఎత్తి, ఆ మూత తిప్పి, తన చేత్తో దంచి, తన పొయ్యి మీద కాచిన ఆముదం చెంబు నిండుగా పోసింది. చంటిపిల్లాడి మాడు నిమిరినట్టు మూతని నిమిరి, "చల్లగా పోయి చల్లగా రా తల్లీ" అని బండికి దణ్ణం పెట్టింది. ఆ తల్లిని ఏమని తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. తిట్టాలని మాత్రం ఉంటుంది.

కారు బయలుదేరింది. నాగభూషణరావు తోలుతున్నాడు. పక్క ఫుట్‌బోర్డు మీద యల్లమంద బల్లెం పట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రీ కొట్టిన భుజానికి పసుపుముద్ద కట్టుకుని ఉన్నాడు. పిడుగురాళ్ళ దాటేదాకా బండి గాలిలా పోయింది. దోవలో ఒకచోట నరసింహారావు మనుషులు తాటిమొద్దు అడ్డం వెయ్యబోతే, అది పూర్తిగా పడకముందే పక్కనించి దూసుకుపోయారు. అడ్డం వచ్చినవాణ్ణి యల్లమంద బల్లెంతో పొడిచాడు. వాడు కడుపు పట్టుకుని దుమ్ములో కూలడం చూసి నాగభూషణరావు పకపకా నవ్వాడు.

ఆ నవ్వు వాగు దాటేదాకే. గుత్తికొండ వైపు కొండలు కనబడే ఎత్తు ఎక్కుతుండగా ఇంజన్లో టకటకమని చప్పుడు మొదలైంది. లోపల తల్లి పోసిన ఆముదం కాగి కాగి, మిల్లు నూనెతో కలవక, ముద్దలు ముద్దలుగా జల్లెడకి అతుక్కుంది. చప్పుడు పెద్దదైంది. పొగ లేచింది. ఇనుము మీద ఇనుము కీచుమంది. ఒక్క కుదుపుతో బండి రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. వెనక దుమ్ములో మనుషులు పరిగెత్తుకుంటూ వస్తున్నారు.

"నువ్వు ఆపరా వాళ్ళని, నేను మనుషుల్ని తెస్తా" అని నాగభూషణరావు అవతలి తలుపు తీసుకుని దూకాడు.

అక్కడ తేవడానికి మనుషులెక్కడున్నారు? యల్లమంద ఆ మాట అడగలేదు. దొర చెప్పాడు, ఆపాడు. కారుకి వీపు ఆనించి బల్లెంతో ముందొచ్చినవాడి గొంతులో పొడిచాడు. బల్లెం ఇరుక్కుపోతే వదిలేసి చేతులతో కలబడ్డాడు. గొడ్డళ్ళు మీదపడ్డాయి. ఛాతీ మీద, ముంజేతుల మీద, నుదుటి మీద. మోకాళ్ళ మీద పడ్డాక కూడా ఒకడి కాలు పట్టుకుని వదల్లేదు. ఆ కాలు విడిపించుకోవడానికి వాళ్ళు అతని చెయ్యి నరకాల్సొచ్చింది. ఆ ఆలస్యంలో నాగభూషణరావు రాళ్ళలో పడి తప్పించుకున్నాడు. పారిపోతున్నప్పుడు ఒకడు విసిరిన కత్తి వీపు మీద గీరుకుంటూ పోయింది, అంతే.

కోర్టూ పోయింది, పొలమూ పోయింది. మర్నాడు పొద్దున్నే ఎద్దులు కట్టి కారునీ, దాంట్లోనే యల్లమంద శవాన్నీ కొత్తగండ్ల తెచ్చారు. మధ్యాహ్నానికి మహమూద్‌ని చేతులు కట్టి ఈడ్చుకొచ్చారు. ఊరంతా దొర వాకిట్లో ఉంది. స్టేషను రోడ్డులో వందమంది ముందు చంపుతానన్నవాడు వాడే. ఇక వేరే రుజువు ఎవరికి కావాలి?

నాగభూషణరావు వీపుకి కట్టు కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. యల్లమంద తండ్రి రామయ్యని పిలిచాడు. రామయ్య ఆ ఇంట్లోనే పాలేరుగా ముసలివాడయ్యాడు. ఆయన చేతికి గొడ్డలి ఇప్పించాడు.

"నీ కొడుకుని చంపింది ఈ సాయిబు. ముందు వాడి చేతులు, తర్వాత మెడ. నీ చేత్తోనే తీర్చుకో."

మనుషులు మహమూద్ కుడిచేతిని రోటి మీద పెట్టి రోకలితో మోదారు. ఎముకలు పటపటమన్నాయి. మహమూద్ వేసిన కేకకి ఎద్దులు తాళ్ళు తెంచుకోబోయాయి. రెండో చెయ్యి పెట్టబోతుంటే పిచ్చివాడిలా గింజుకున్నాడు.

"చంపండి! చంపేముందు తొట్టి ఇప్పి చూడండ్రా! నా నూనె ఆగే నూనె కాదు! రామయ్యా, నీ కొడుకు ఎందుకు చచ్చాడో నీకు తెలవద్దంట్రా?"

రామయ్య గొడ్డలి దించాడు. "చూద్దాం" అన్నాడు.

"ఏంది చూసేది?" అన్నాడు నాగభూషణరావు.

"నా కొడుకు దొరా. చూస్తా."

మహమూద్ ఎడంచేత్తో, రామయ్య పానా పట్టుకుని, ఇద్దరూ కారు కింద పడుకుని బోల్టులు విప్పారు. తొట్టి ఊడి వచ్చింది. జల్లెడ కన్నాల్నిండా పసుపచ్చటి జిగురు, పిప్పి, మీగడ కట్టినట్టు అట్టలు అట్టలుగా ఉంది. వాసన గుప్పున కొట్టింది. ఆ వాసన తెలియని మనిషి ఆ వాకిట్లో లేడు.

"ఆముదం" అంది ఎవరో ముసలామె.

"నేను పోసింది మిల్లు నూనె. ఇది ఇంట్లో వండిన ఆముదం. నేను వద్దని ఎవరికి చెప్పానో ఆయన్నే అడగండి" అన్నాడు మహమూద్.

నాగభూషణరావు మొహం తెల్లబోయింది. అందరికన్నా ముందు అర్థమైంది ఆయనకే. మాడు మీద ఇంకా ఆ జిడ్డు ఉంది. అయినా అరుగు దిగి, "వీడే కలిపాడు. నాటకాలాడుతున్నాడు. నరుకు రామయ్యా" అని అరిచాడు.

అప్పుడు వీరరాఘవమ్మ గుమ్మం దాటి బయటికి వచ్చింది. మగవాళ్ళు నిండిన వాకిట్లోకి ఆమె ఎన్నడూ దిగలేదు. దిగి, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మహమూద్ ముందు నిలబడింది.

"నేను పోశాన్రా భూషణం. చెంబుడు. బండి కాగిపోతోంది, చలవ చేస్తదని పోశా."

"అమ్మా, నువ్వు లోపలికి పో. మా అమ్మకి మతి చెడిందిరా, తీసుకుపోండి లోపలికి."

"నా మతి బానే ఉంది. ఆ ఫరీద్ నా అన్నం తిన్న పిల్లాడు, వాణ్ణి నువ్వు కర్రలు విరిగేట్టు కొడతన్నప్పుడూ బానే ఉంది. అప్పుడు చెవులు మూసుకున్నా. ఇయాళ ఈయన్ని కూడా చంపుతుంటే మూసుకోమంటావా? నా వల్ల కాదు నాయనా."

రామయ్య గొడ్డలి పట్టుకుని నాగభూషణరావు దగ్గరికి నడిచాడు. వంగి వంగి నడిచే మనిషి ఆ రోజు నిటారుగా నడిచాడు.

"దొరా, సాయిబు కాదంట. మరి ఇప్పుడు ఎవర్ని నరకమంటావు?"

"ఆడమనిషి, తెలీక చేసింది. వదిలెయ్. నీ సంగతి నేను చూస్తాలే."

"తెలీక చేసింది. సరే, పెద్దమ్మ తల్లి లాంటిది, ఆమెని నేనేమన్నా అంటానా? ఇంకొకటి చెప్పు. నా కొడుక్కి పొద్దున నీళ్ళు పోశా. దెబ్బలన్నీ ముందే ఉన్నాయి. నీకేమో వెనక ఉంది. అది కూడా తెలీకేనా?"

నాగభూషణరావుకి ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. పాలేరు నోటివెంట, ఊరి ముందు, తల్లి ముందు. ఒళ్ళు తెలియని కోపంతో ముసలాణ్ణి గుండెల మీద తన్నాడు. "కుక్కా, నా కూడు తిని నన్నే అడుగుతావంట్రా!"

రామయ్య వెల్లకిలా పడ్డాడు. గొడ్డలి మాత్రం చేతిలోంచి జారలేదు. లేచాడు. నాగభూషణరావు ఇంకా తిడుతూనే ఉన్నాడు, గొడ్డలి మెడకీ భుజానికీ మధ్య దిగేదాకా తిడుతూనే ఉన్నాడు. రామయ్య దాన్ని ఊడబెరికి మళ్ళీ వేశాడు. ఆపడానికి ఒక్క మనిషీ ముందుకి రాలేదు. జీతగాళ్ళు కర్రలు పట్టుకుని నిలబడి చూశారు. మూడోది వెయ్యబోయి, తనే ఆగి, గొడ్డలి పారేసి, కొడుకు శవం దగ్గరికి వెళ్ళి కూర్చుని ఏడవడం మొదలుపెట్టాడు.

నాగభూషణరావు మహమూద్ కాళ్ళ దగ్గరే పడ్డాడు. నోరు తెరుస్తున్నాడు, మాట రావడం లేదు. నెత్తురు నేల మీద కారు నూనెలో కలిసి పారుతోంది. ఈ మనిషి చావుని మహమూద్ ఏడాదిగా కలలు కన్నాడు. తీరా కళ్ళముందు జరుగుతుంటే ఆయనకి ఏ సంతోషమూ కలగలేదు. ఫరీద్ మాత్రమే గుర్తొచ్చాడు, ఇలాగే నోరు తెరిచి చచ్చి ఉంటాడని. ఎడంచేత్తో తన తలగుడ్డ ఊడదీసి ఆ మెడ మీద అదిమిపెట్టాడు. గుడ్డ క్షణంలో తడిసిపోయింది.

వీరరాఘవమ్మ కొడుకు పక్కన కూలబడి తల ఒళ్ళోకి తీసుకుంది. ఆ వాకిట్లో అంతమంది ఉండగా మహమూద్ మొహంలోకే చూసింది.

"బతుకుతాడా నాయనా?"

"లేదు పెద్దమ్మా" అన్నాడు మహమూద్.

ఆమె తలూపింది. కొడుకు జుట్టులో వేళ్ళు పెట్టి దువ్వుతూ, "నిన్న బతికొచ్చాడు. నేను నోరు తెరవకపోతే ఉండేవాడు" అంది. మహమూద్ విరిగిన చేతిని చూసి, "నువ్వు పోయేవాడివి" అంది. ఆ రెండు మాటలూ ఒకే గొంతుతో అంది.

మహమూద్ తలగుడ్డ మీదనించి చెయ్యి తియ్యలేదు. కింద ఉన్నవాడి ఊపిరి ఆగిపోయిందని తెలిశాక కూడా, ఆమె చూస్తోంది కదా అని, అలాగే అదిమిపెట్టి కూర్చున్నాడు.